పీఠమును విడిచిన మదనపల్లె బిడ్డ

మన రాయలసీమ దక్షిణభాగమున ముడుపు అను మాట నెఱుగని యిల్లుండదు. కష్టము వచ్చినపుడు పసుపుగుడ్డలో రూపాయి మూటగట్టి, గట్టెక్కిన పిదప కొండ యెక్కి హుండీలో వేసివచ్చుట తాతలనాటి యాచారము. తలనీలాలిచ్చి తిరుమల వీథులలో నడచునపుడు లక్షాధికారియు కూలివాడును ఒక్కరూపుననే కానవత్తురు. తనది తాను సమర్పించుకొనుట యిట్లు మనకు అలవడిన ధర్మమే. ఇతరులు భక్తితో దెచ్చి తన పాదములచెంత నుంచినదానిని నాకు వలదని మరల్చి యిచ్చుట వేఱు. అట్టి కార్యము చేసినవాడొకడు మదనపల్లెలో జన్మించెను.

జిడ్డు కృష్ణమూర్తి పుట్టినది 1895 మే నెలలో. మదనపల్లె అప్పుడు కడపజిల్లాలోనిది. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడినపుడు అందు చేరినది. తండ్రి నారాయణయ్య రెవిన్యూశాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. బాలునికి పదేండ్లప్పుడు తల్లి సంజీవమ్మ గతించెను. 1909లో కుటుంబము అడయారు చేరగా, సముద్రతీరమున ఆ బక్కపలుచని పిల్లవానిని జూచి లెడ్‌బీటరు దొర, రాబోవు జగద్గురువు ఇతనియందే అవతరింపగలడని నిశ్చయించెను. అనిబిసెంటమ్మ పెంపకమునకు దీసికొనెను. 1911లో బాలుడు అధిపతిగా నక్షత్రసంఘము వెలసెను. తండ్రి మనసు మారి వ్యాజ్యము వేయగా, చెన్నపట్టణపు న్యాయస్థానము ఆయన పక్షమున తీర్పు చెప్పెను గాని 1914లో ప్రీవీకౌన్సిలు దానిని కొట్టివేసెను. బాలుర తరపున వాదము వినబడకపోవుటను ఆ న్యాయాధిపతులు దోషముగా నెంచిరి. గురుపీఠము గట్టినవారికి ఆ యూహయే తోచినట్లు లేదు.

1925లో కృష్ణమూర్తి ఓడప్రయాణమున నుండగా, తమ్ముడు నిత్యానందుడు కాలిఫోర్నియాలో కన్నుమూసెను. నిత్యుని ప్రాణమునకు భయము లేదని పెద్దలు చెప్పిన మాటలన్నియు ఆ వార్తతో కూలినవి.

నాలుగేండ్లు గడచినవి. 1929 ఆగస్టు 3వ తేదీన హాలండు దేశమున ఓమెన్ శిబిరములో సుమారు మూడువేలమంది యెదుట, అనిబిసెంటమ్మ వినుచుండగా, ముప్పదినాలుగేండ్ల ఆ యువకుడు లేచి సంఘమును రద్దుచేయుచున్నానని ప్రకటించెను. సత్యమునకు రాచబాట లేదనియు, ఏ మతమును ఏ సంఘమును మనుజుని అచ్చటికి జేర్పజాలదనియు, తనకు శిష్యులు వలదనియు దాని సారాంశము. ఐరోపాలో ఒక ప్రభువు సమర్పించిన ఈర్డె కోటయు, దానికి జేరిన సుమారు 5,000 ఎకరముల భూమియు, శిబిరము వెలసిన భాగము దప్ప, దాతకే తిరిగి చేరినవి. భూమి విలువ యెఱిగిన మన చదువరులు ఈ యంకెయొద్ద ఒక్కక్షణ మాగుదురుగాక! గట్టుతగాదాకై మూడుతరములు కోర్టుచుట్టు తిరిగిన వంశములు మనలో లేవా? దేవాలయ ధర్మకర్తృత్వమో, సహకారసంఘాధ్యక్షతయో చేతికి వచ్చిన పిదప, నేనిందులకు తగనని స్వయముగా దిగిపోయినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

అంతరాత్మకు లోబడి నడచిన వారిలో అమెరికాదేశపు థోరోను గాంధిమహాత్ముడు మనకు పరిచయము చేసెను. బానిసత్వమును సాగనిచ్చు దొరతనమునకు పన్ను కట్టనని 1846లో ఆతడొక రాత్రి చెరసాలలో గడపెను. 1845 మొదలు రెండేండ్లకుపైగా వాల్డెన్ సరస్సు దరిని తాను గట్టుకొన్న గుడిసెలో బ్రదుకునకు నిజముగా కావలసిన దెంతయో పరీక్షించుకొనెను. పన్నుల నిరాకరణము మన పెదనందిపాడు రైతులకును తెలిసినదే. ఆ సాహసము గొప్పది. అయినను అచ్చట ఎదురుగా నుండునది పీడించు ప్రభుత్వము. కృష్ణమూర్తి యెదుట నున్నదో, పెంచిన తల్లివంటి బిసెంటమ్మ. ఆమె వెనుక తన్ను దేవుడని నమ్మిన వేలమంది. ద్వేషించువానికి కాదనుటకంటె ప్రేమించువారికి కాదనుట కష్టమని మా యభిప్రాయము.

ఇంతమాత్రమున ఆయనను కౌపీనధారియగు సన్న్యాసిగా జిత్రించుట పొరపాటగును. లండనులో కుట్టించిన మేలైన దుస్తులు ధరించెను. ధనికులగు స్నేహితుల యిండ్ల బస చేసెను. వేషముచేతనే నిరాడంబరతను కొలుచువారికి ఆయన నచ్చడు. ఒక సంఘమును రద్దుచేసిన ఆయన పేరిట నలుబదేండ్లకు ఇంగ్లండు, అమెరికా, భారతదేశములందు ఫౌండేషనులు వెలసినవి. అమెరికాలో పూర్వపు సంస్థ ధనమునుగూర్చి న్యాయస్థానమున వివాదమును నడచినది. సంస్థను కాలదన్నుట యొకనాటి పని. సంస్థ లేకుండ పని జరుపుట జన్మమంతటి పని కాబోలు. ఈ చిక్కును ఆయన పూర్తిగా విప్పుకొన్నట్లు మాకు దోపదు.

ఆయన సంకల్పము నేటికిని కంటికి గనబడుచున్న తావు మదనపల్లె చేరువనే, తెట్టు గ్రామముచెంత, రాతిగుట్టల నడుమ నున్నది. రిషివ్యాలీ పాఠశాలలో శిష్యులను గురువు నచ్చున పోతపోయుటకంటె, తమ భయమును, అసూయను, పోటీబుద్ధిని తామే కనిపెట్టుకొనుటకు బాలురకు తీరిక నిచ్చుట ముఖ్యమని ఆయన కోరెను. ఎరుకతో బ్రదుకుటయన ఆయనకు అదియే. చుట్టుపట్టు పల్లెలలో ఆ సంస్థ నడపు చిన్నబడులలో పలుతరగతుల రైతుబిడ్డలు ఒక్క గదిలో గూర్చుండి చదువుకొనుచున్నారు.

తొంబదియేండ్ల వయసున, 1985 డిసెంబరులో, ఆయన కడసారి ఈ లోయకు వచ్చి ఉపాధ్యాయులతో ముచ్చటించెను. మరుసటి జనవరిలో మద్రాసున తుదియుపన్యాస మిచ్చి, 1986 ఫిబ్రవరి 17న కాలిఫోర్నియాలోని ఓహై గ్రామమున, అరువదియేండ్ల క్రిందట తమ్ముడు మరణించిన చోటనే, దేహము చాలించెను. తన మాటలకు వ్యాఖ్యాతనని గాని, తనకు వారసుడనని గాని యెవ్వరును నిలువరాదని అంతకుముందే చెప్పియుండెను.