పైన్ అడవి విడిచే ఆవిరిని కొలవడం ఎలా?

అత్తరు సీసా మూత తీయగానే గది మూలనున్న వానికి సైతం పరిమళం అందుతుంది. కాని ఎంత అత్తరు ఆవిరై గాలిలో కలిసిందో చెప్పమంటే ముక్కు చెప్పలేదు. శృంగాకారపు అడవుల విషయంలో శాస్త్రజ్ఞులకు ఎదురైన సమస్య ఇటువంటిదే. పైన్, స్ప్రూస్, ఫర్ మొదలగు సూదిమొన ఆకుల చెట్లు రేయింబవళ్ళు కొన్ని బాష్పశీల పదార్థాలను గాలిలోనికి విడుస్తుంటాయి. పది కార్బన్, పదహారు హైడ్రోజన్ పరమాణువులు గల ఆల్ఫా-పైనీన్ వాటిలో ముఖ్యమైనది. పైన్ జిగురునుండి తీసే పెక్కు రకాల టర్పెంటైన్ తైలాలలో ప్రధాన భాగం ఇదే.

వేసవి దినాలలో అడవి కొండలపై కనిపించే నీలిపొగ చెట్ల ఆవిరులనుండే పుడుతున్నదని 1960లో ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. ఇరవై ఏళ్ళకు ఆ మాట రాజకీయాలకెక్కింది. 1980 అమెరికా ఎన్నికల ప్రచారంలో రోనాల్డ్ రీగన్ వాయు కాలుష్యానికి చెట్లను బాధ్యులను చేయగా పరిహాసాలు చెలరేగాయి. మళ్ళీ ప్రాణం తీయకముందే నన్ను నరికివేయండని చెట్టే వేడుకొంటున్నట్లు విద్యార్థులు ఒక చెట్టుకు అట్ట వ్రాసి కట్టారు! నిజానికి చెట్ల ఆవిరి తక్కువేమీ కాదు. భూమిమీది వృక్షజాలమంతా ఏటా సుమారు 100 కోట్ల టన్నులు విడుస్తున్నదని అంచనా. అయితే ఆ ఆవిరినుండి నేలకు సమీపాన ఓజోన్ విరివిగా పుట్టాలంటే నైట్రోజన్ ఆక్సైడులు కావాలి. వాటిని అధికంగా వెలువరించేవి మన వాహనాలు, కొలుములే. కనుక ఎవరి వాటా ఎంతో తేల్చడానికి వాదం చాలదు, కొలత కావాలి.

కొలతకు సులభమైన మార్గం ఒక కొమ్మను పారదర్శకమైన సంచిలోనో, పెట్టెలోనో ఉంచి, శుభ్రమైన గాలిని తెలిసిన వేగంతో పంపడం. లోనికి పోయిన గాలికి, వెలుపలికి వచ్చిన గాలికి గల తేడాయే కొమ్మ విడిచిన ఆవిరి. వినడానికి ఇంతే. చేయబోతే కొమ్మ మనలను మోసగిస్తుంది. సంచి తొడుగునప్పుడు ఒక్క సూది నలిగినా జిగురునాళం తెగి, ఆవిరి అనేక రెట్లు పెరుగుతుంది. అప్పుడు మనం కొలిచేది అడవిని కాదు, మనం చేసిన గాయాన్ని. ఇందుకే జాగ్రత్త గల పరిశోధకులు పరికరం అమర్చి, కొమ్మ కుదుటపడే వరకు వేచి ఉంటారు. ఎండకు సంచి వేడెక్కడం మరొక చిక్కు. ఆకు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆవిరి సుమారు రెండున్నర రెట్లవుతుంది. ఉష్ణోగ్రత వ్రాయని కొలత, నా దృష్టిలో, కొలతే కాదు.

సేకరించిన గాలిని టెనాక్స్ అనే పీల్చు పదార్థం నింపిన లోహపు గొట్టం ద్వారా లాగి, ప్రయోగశాలలో వేడిచేసి, గ్యాస్ క్రోమటోగ్రఫీతో ఆవిరులను వేరుపరుస్తారు. గాలిలోని ఓజోన్ గొట్టంలోనే వీటిని తినివేయగలదు. అందుచేత మాంగనీస్ డయాక్సైడ్ పూసిన రాగి జాలిగుండా గాలిని పంపి, ముందుగానే ఓజోన్‌ను నాశనం చేస్తారు.

ఒక కొమ్మ అడవి కాదు గదా! అందుకని చెట్ల తలలకు పైగా గోపురాలు నిలిపి, పైకిపోయే సుడిగాలిలో ఎంత ఆవిరి ఉన్నదో, క్రిందికి వచ్చే గాలిలో ఎంత ఉన్నదో సెకనుకు పలుమార్లు కొలుస్తారు. వంద కోట్ల వాయు అణువులలో ఒకటికి అటూ ఇటూ ఉండే పదార్థాన్ని అంత వేగంగా పట్టడం క్రోమటోగ్రఫీకి సాధ్యం కాదు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో 1990ల దశకంలో రూపొందిన ఒక మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ పని చేసింది. నీటి అణువుకు అదనంగా చేరిన ప్రోటానును ఇది ఆవిరి అణువుకు అందించి, దాని బరువును చూస్తుంది. కాని ఆల్ఫా-పైనీన్‌కు, దాని తోబుట్టువులకు బరువు ఒక్కటే! ఎంత ఉన్నదో ఇది చెబుతుంది, ఏది ఎంతో చెప్పలేదు. అందుకే నేటికీ రెండు పరికరాలూ ప్రక్కప్రక్కన పనిచేయవలసి వస్తున్నది.

ఫిన్లాండులోని హ్యూటియాలా పైన్ అడవిలో 1990ల నడిమినుండి ఇట్టి పరిశీలనలు సాగుతున్నాయి. ఆల్ఫా-పైనీన్ ఓజోన్‌తో కలిసినంతనే అందులో కొంత భాగం దాదాపు ఆవిరికాని పదార్థంగా మారి, సూక్ష్మ రేణువులను పెంచుతున్నదని అచ్చటి కొలతలు, జర్మనీలోని యూలిష్ ప్రయోగాలు కలిపి 2014లో చూపాయి. పెరిగిన ఆ రేణువులపైనే నీరు చేరి మేఘబిందువులు ఏర్పడతాయి.