తాడు పట్టుకో... బొమ్మ ముట్టుకోకు!

కాళ్లకు తాడు కట్టుకుని 83 మీటర్ల ఎత్తు నుంచి దూకే బంగీ జంప్ కోసం రిషికేశ్ వెళ్లేవాళ్లున్నారు. అంత దూరం వెళ్లలేని సాహసికులకు భూపాలపల్లి జిల్లాలో, రేగొండ దగ్గర పాండవుల గుట్టలున్నాయి. రాక్ క్లైంబింగ్, రాపెల్లింగ్‌లకు పేరున్న చోటిది. ఇక్కడ దూకడం ఉండదు. నడుముకు తాడు బిగించుకుని నిట్టనిలువు బండ మీద ఒక్కో అడుగే వేస్తూ దిగాలి. బంగీలో భయం కొన్ని క్షణాలే, ఇక్కడ అడుగడుగునా గుండె దడే!

ఈ గుట్టల్లోనే ఆదిమానవులు గీసిన జింకలూ, అడవిదున్నలూ ఉన్నాయి. 1990లో వెలుగుచూసిన ఈ బొమ్మలు వేల ఏళ్ల ఎండావానల్ని తట్టుకున్నాయి. చేతులతో రుద్దితే, పక్కన పేర్లు గీకితే మాత్రం తట్టుకోలేవు. పోతే మళ్లీ గీసేవాళ్లూ లేరు. అందుకే తాడు ఎంత గట్టిగా పట్టుకున్నా ఫరవాలేదు, బొమ్మల్ని మాత్రం చూసి వచ్చేయండి!