లెక్క ఒకటే, జవాబులు రెండు

బాడ్‌మాస్ మన హాస్టల్లో అందరికీ కంఠతా వచ్చు. అయినా 2+3×4 అని ఏలూరు కిరాణా కొట్లో ఉండే పెద్ద బటన్ల కాలిక్యులేటర్ మీద వరుసగా నొక్కండి, 20 వస్తుంది. సైంటిఫిక్ కాలిక్యులేటర్ మీద 14 వస్తుంది. కొట్లోది చెడిపోలేదు. × నొక్కగానే అంతవరకు ఉన్న 2+3ని 5 చేసేస్తుంది, వెనక ఏం వస్తుందో చూడదు. షావుకార్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఒక్కో సరుకు గుణించి ‘ఎం ప్లస్’లో వేసుకుంటూ పోతారు, బాడ్‌మాస్ పేరు వినకపోయినా!

అసలు చిక్కు సైంటిఫిక్ వాటిలోనే ఉంది. కొల్లేటిలో రెండు దోనెలు వేటకు వెళ్ళాయనుకుందాం. ఒక్కో దోనెలో గడ వేసేవాడు ఒకడు, వల వేసేవాళ్ళు ఇద్దరు. చేపలమ్మితే 6000 రూపాయలొచ్చాయి. మనిషికెంత? 6000÷2(1+2) అని నొక్కితే కాసియో ఎఫ్ఎక్స్-82ఎంఎస్ 1000 అంటుంది. టీఐ-83 ప్లస్ 9000 అంటుంది. వచ్చిన సొమ్ము ఆరు వేలైతే మనిషికి తొమ్మిది వేలు ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే లోపలి ప్రోగ్రాం చూడాలి. 1961 ప్రాంతంలో డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఒకటుంది. దాని పేరే ‘షంటింగ్ యార్డ్’. తాడేపల్లిగూడెం స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ కోసం పాసింజరును లూప్ లైన్లో ఆపడం మనం చూసిందే. ఇక్కడ అంకెలు మెయిన్ లైన్లో ఆగకుండా పోతాయి. గుర్తులు లూప్‌లో ఆగుతాయి. + ఆగి ఉండగా × వస్తే ×దే ముందు హక్కు. × ఆగి ఉండగా + వస్తే × వెళ్ళాకే + కదలాలి. ఇద్దరిదీ ఒకే హోదా అయితే ముందొచ్చినది ముందు పోతుంది. అందుకే 8-3-2 అంటే 3. బ్రాకెట్ తెరిస్తే ఎర్ర సిగ్నలే. అది మూసేదాకా బయట ఆగినవి కదలవు.

ఇప్పుడు 2కీ బ్రాకెట్‌కీ మధ్య కనబడని గుణకారం ఉంది కదా, దానికి ఏ హోదా ఇవ్వాలి? మామూలు × హోదాయే ఇస్తే ముందొచ్చిన ÷ ముందు పోతుంది: 3000, దాన్ని 3తో గుణిస్తే 9000. ÷ కంటే పై హోదా ఇస్తే 2×3=6 ముందవుతుంది, 1000 వస్తుంది. పుస్తకాల్లో 1/2π అని రాస్తే కింద 2π మొత్తం ఉందనే చదువుతాం కాబట్టి రెండోది మనకి సహజంగా తోస్తుంది. కానీ తప్పు యంత్రానిదని మేమనం. గుర్తు రాయకుండా వదిలేసినవాడిదే. సి భాష ఈ గొడవే పెట్టుకోదు, 2(1+2) అని రాస్తే ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది.

ఇంకో రెండు విచిత్రాలున్నాయి. ఎక్సెల్‌లో =-2^2 కొడితే 4, పైథాన్‌లో -2**2 కొడితే -4. అలాగే 2^3^2కి ఎక్సెల్ 64 అంటే, పైథాన్ (అక్కడ 2**3**2 అని రాయాలి) 512 అంటుంది.

మన రూముల్లో ఒకే కాలిక్యులేటర్ నలుగురి చేతులు మారుతుంది. డిప్లొమా, బీటెక్ పరీక్షలకి సీనియర్ల దగ్గర అడిగి తీసుకెళ్ళే తమ్ముళ్ళూ, హాల్లోకి వెళ్ళకముందే దాని మీద 6÷2(1+2) నొక్కి చూసుకోండి. 1 వచ్చినా, 9 వచ్చినా సరే, భాగహారం కింద ఉన్నదంతా బ్రాకెట్లో పెట్టి 6÷(2×(1+2)) అని నొక్కితే ఏ కంపెనీదైనా 1 అనే చెబుతుంది.