వార్తల్లో పదం: కోల్డ్ అగ్లుటినిన్

చిలుకూరు నుంచి కోదాడ ల్యాబుకు పుష్యమాసపు పొద్దున ఒక రక్తం శాంపిల్ వచ్చిందనుకోండి. గాజుపలక మీద చుక్క వేస్తే, ఏ మందు కలిపినా ఎర్రకణాలు ఇటుక పొడిలా గుంపులు కడుతున్నాయి. గ్రూపు తేలదు. ట్యూబును 37 డిగ్రీల నీళ్లలో కాసేపు ఉంచితే గుంపులు విడిపోతాయి. ఇది కోల్డ్ అగ్లుటినిన్ పని. చల్లదనంలో ఎర్రకణాలను పట్టి అతికించే ప్రతిరక్షకం అన్నమాట.

ఏ, బి, హెచ్, ఐ అనే గ్రూపు గుర్తులు కణాల మీది చక్కెర గొలుసులు. ప్రతిరక్షకం వాటిని పట్టినప్పుడు వేడి వెలువడుతుంది. అందుకే చలిలో పట్టు బిగుస్తుంది, వెచ్చబడితే సడలుతుంది. పేరుకున్న నెయ్యి గుర్తొస్తుంది కానీ, ఇక్కడ గడ్డకట్టేదేమీ లేదు. ఆర్‌హెచ్ గుర్తు మాత్రం ప్రోటీను. దాన్ని పట్టే ప్రతిరక్షకాలు ఎక్కువగా ఒంటి వేడి దగ్గరే చురుగ్గా ఉంటాయి.

కార్ల్ లాండ్‌స్టైనర్ 1903లోనే ఈ చలి గుంపులను వర్ణించారు. కొద్దిపాటివి చాలామందిలో ఉంటాయి, హాని లేదు. మైకోప్లాస్మా న్యుమోనియా తర్వాత పెరగవచ్చు.

అసలు చూడాల్సింది, పట్టు ఎంత వేడి దాకా నిలుస్తుందన్నది. 1952లో భెండే బృందం వెల్లడించిన, కణాల మీద హెచ్ గుర్తే లేని బాంబే గ్రూపువారిలో హెచ్‌ను పట్టే ప్రతిరక్షకం 37 డిగ్రీల్లోనూ వదలదు. ఓ గ్రూపు కణాల మీద హెచ్ ఉంటుంది కాబట్టి, ‘ఓ గ్రూపు అందరికీ ఎక్కుతుందిలే’ అనే మాట వారి దగ్గర ప్రాణాంతకం.