మల్లన్న దారిలో అన్నం బండ్లు

ఆత్మకూరు: ఉగాది దగ్గర పడిందంటే ఈ ప్రాంతపు రోడ్ల మీద ముందు గంటల చప్పుడు వినిపిస్తుంది. ఆ వెనకే తాలింపు వాసన ముక్కుకు తగులుతుంది. భుజాన కావడి, కాళ్లకు గజ్జెలు, నోట మల్లయ్య నామంతో కన్నడ భక్తులు బారులు తీరి నడిచి వస్తుంటారు. వారికి ముందో వెనకో ఒక లారీయో, ట్రాక్టరో ఉంటుంది. అందులో పొయ్యిలు, గంగాళాలు, గ్యాస్ బండలు, ఉల్లిగడ్డల బస్తాలు, నీళ్ల డ్రమ్ములు సర్ది ఉంటాయి. చెట్టు నీడ దొరికిన చోట బండి ఆగుతుంది. పట్టా పరుస్తారు, పొయ్యి ముట్టిస్తారు. కాసేపటికల్లా ఉప్పిట్టు పొగలు కక్కుతూ ఉంటుంది. తమ గుంపు వాడా, పరాయివాడా అని చూడరు. ఎదుట నిలబడిన వాడికి విస్తరి అందిస్తారు.

పట్నాల్లో ఇప్పుడు బండ్ల మీద వంటలు చేసి అమ్మే తిండి పండుగలు జరుగుతున్నాయి. మన శ్రీశైలం దారిలో బండ్ల మీద వంట ఏటా చూస్తున్నదే. కాకపోతే ఇక్కడ గల్లాపెట్టె ఉండదు.

ఆడపడుచు ఇంటికి ప్రయాణం

రాయచూరు, బాగల్‌కోట, విజయపుర, బెళగావి, గదగ్, ధారవాడ, కలబురగి జిల్లాల నుంచి ఈ జనం కదులుతారు. దూరాన్ని బట్టి వారం మొదలు పక్షం రోజులు, ఆపైన కూడా నడుస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు అనీ, మల్లికార్జునుడు తమ అల్లుడు అనీ వారి నమ్మకం. పండుగకు ఆడబిడ్డకు చీర, పసుపుకుంకాలు తెచ్చినట్టే తెస్తారు. కొందరు మరగాళ్ల మీద నడిచి వస్తారు. 12వ శతాబ్దంలో అక్కమహాదేవి కన్నడ దేశం విడిచి ఇదే కొండకు చేరింది. ఆమె పేరిట గుహలు నేటికీ కృష్ణ ఒడ్డున ఉన్నాయి.

బండ్ల మీద అన్నం వెనక కూడా ఆనాటి మాటే ఉంది. బసవేశ్వరుడు చెప్పిన వాటిలో కాయకం, దాసోహం ముఖ్యమైనవి. ఒళ్లు వంచి పని చేయడం కాయకం. సంపాదించిన దాన్ని పదిమందితో పంచుకోవడం దాసోహం. ఈ బండ్ల వాళ్లు తమ పనిని అన్నదానం అనడం కంటే దాసోహం అనడానికే ఇష్టపడతారు. దానమంటే ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద. దాసోహంలో వడ్డించేవాడే దాసుడు. అందుకే తిన్నవారికి వడ్డించినవారే దండం పెట్టడం ఈ దారిలో కనిపిస్తుంది. తెలియక ముందుగా చేతులు జోడించిన మన ఊళ్ల వాళ్లు ఇది చూసి ఆశ్చర్యపోతుంటారు.

మాట వేరు, రుచి ఒకటే

కన్నడం రాని వాడు కూడా ఈ బండ్ల దగ్గర ఆకలితో ఉండడు. వారి మజ్జిగె మన మజ్జిగే. వారి రొట్టి మన రొట్టె. వారి చిత్రాన్న మన చిత్రాన్నం. హోళిగె అంటే మనం చేసుకునే ఓళిగలే. బొరుగులు తడిపి తాలింపు పెట్టిన దాన్ని వారు మండక్కి ఒగ్గరణె అంటారు. తిని చూస్తే అది అచ్చం మన ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ ఒక్కటి పడితే కర్నూలు హోటలుకు, ఆ లారీకి తేడా ఉండదు. గోధుమలు, బెల్లం వేసి ఉడికించే హుగ్గి మాత్రం మన పక్క కొత్త. ఒకసారి తిన్నవారు మరుసటి ఏడు దాని కోసం వెతుక్కుంటారు.

అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది జొన్నరొట్టె. మనం వేడివేడిగా తినే మెత్తని రొట్టె కాదిది. పలచగా తట్టి, కాల్చి, ఆరబెట్టి, అప్పడంలా పెళుసుగా చేస్తారు. తడి తగలకపోతే రోజుల తరబడి చెడదు. ఊళ్లో ఇంటింటి నుంచీ రొట్టెలు పోగుచేసి బండి కెక్కిస్తారు. శనక్కాయల పొడి, నువ్వుల పొడి, ఎర్రకారం తోడు. నీళ్లు కరువైన చోట అన్నం వండలేరు, పప్పు ఉడికించలేరు. రొట్టెకు ఆ బాధ లేదు. చేతిలో పట్టుకుని నడుస్తూనే తినవచ్చు. మెట్ట పొలాల మనుషులు దూర ప్రయాణానికి కనిపెట్టుకున్న తిండి అది.

ఈ మాట మన పెద్దలకు కొత్త కాదు. 1983లో కిలో 2 రూపాయల బియ్యం రాక ముందు ఈ పల్లెల్లో జొన్న, కొర్ర, సజ్జలే నిత్యం. వరి అన్నం పండగ తిండి. ఇప్పుడు రొట్టె తట్టడం చేతకాని ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. కన్నడ అవ్వలు అరచేతుల మధ్య పిండి తిప్పుతుంటే మన పిల్లలు గుమిగూడి చూస్తారు. పక్కన నిలబడ్డ ముసలమ్మ తన కాలం గుర్తొచ్చి తానూ ఒక ముద్ద తీసుకుని తట్టి చూపిస్తుంది.

మనవాళ్ల పంక్తి

పెట్టేది కన్నడిగులొక్కరే కాదు. దారి పొడవునా మన ఊళ్ల వాళ్లు కూడా షామియానాలు వేస్తారు. ఒకరు మజ్జిగ, ఒకరు కలింగరి పండు ముక్కలు, ఒకరు చిత్రాన్నం. స్తోమతు లేనివారు కుండల్లో చల్లని నీళ్లు పెట్టుకుని కూర్చుంటారు. అరికాళ్లు పొక్కిన వారికి నూనె రాసి కాళ్లు పట్టే యువకులు కూడా ఉంటారు. శివరాత్రికి మన తెలుగు స్వాములు ఇదే బాటన నడుస్తారు. అప్పుడు ఉపవాసం ఉండేవారి కోసం పండ్లు, పాలు, మజ్జిగ ఎక్కువగా పంచుతారు. ఉగాదికి ఎండ ముదురుతుంది. అప్పుడు అన్నం కన్నా నీళ్లకే విలువ.

ఈ అలవాటు పాతదే. శ్రీశైలంలో పేరున్న కరివేన సత్రానికి ఆ పేరు ఆత్మకూరు పక్కనున్న కరివేన గ్రామం నుంచి వచ్చింది. కొండెక్కే వారికి కొండ కింద అన్నం పెట్టాలన్న తలంపు నుంచే అలాంటి సత్రాలు పుట్టాయి. ఆ తరువాత ఒక్కొక్క కులం వారు కొండపై తమ తమ సత్రాలు కట్టుకున్నారు. వాటి మేలు వాటికుంది. కానీ బండి దగ్గర కులం పేరు అడిగేవారు లేరు. దుమ్ము కొట్టుకున్న కాళ్లన్నీ ఒక్క రంగులోనే ఉంటాయి. భూస్వామీ, అతని పొలంలో కూలికి పోయేవాడూ ఒకే పట్టా మీద కూర్చుని తినడం ఈ నాలుగు రోజుల్లో చూడవచ్చు. మిగిలిన రోజుల్లో మన ఊళ్లలో అది ఎంతవరకు జరుగుతున్నదో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

బండి పోలేని చోట

అసలు కష్టం అడవిలో ఉంది. ఆత్మకూరు దాటి, వెంకటాపురం మీదుగా అడవిలో అడుగుపెడితే నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం వస్తాయి. ఆపైన హటకేశ్వరం, శ్రీశైలం. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించిన నాటి నుంచీ, అంతకు ముందూ జనం నడిచిన కొండలివి. పూర్వం దొంగల భయం, మృగాల భయం ఉండేవి. దారి చూపి, కావలి కాసి యాత్రికులను దాటించింది చెంచులే. అందుకు వారికి రుసుము ముట్టేది. మల్లన్న చెంచులకూ అల్లుడే.

వెంకటాపురం దాకా అన్నానికి లోటు లేదు. ఒక బండి దగ్గర తిని పది అడుగులు వేస్తే ఇంకో బండి వారు చేయి పట్టి పిలుస్తారు. కాదనలేక పెట్టించుకుని సగం తిని పారేసే వారున్నారు. లోపలికి పోయే కొద్దీ బండ్లు పలచబడతాయి. భీముని కొలను లోయలో నిటారైన మెట్లు. అక్కడికి ఏ బండీ దిగదు. ముసలివారు, పసిబిడ్డల తల్లులు సొమ్మసిల్లేది సరిగ్గా అక్కడే. కింద కుప్పలుగా పారేసిన అన్నంలో పదో వంతు ఆ లోయలో ఉంటే ఎంత బాగుండునో కదా అని నడిచివచ్చిన వారు అంటుంటారు. అనుభవం ఉన్న కన్నడిగులు అందుకే నడుముకు రొట్టెల మూట కట్టుకుని దిగుతారు. మొదటిసారి వచ్చిన మనవాళ్లే బండ్లను నమ్ముకుని ఉత్త చేతులతో బయలుదేరి ఇబ్బంది పడతారు.

అడవికీ ఆకలి ఉంది

ఇది పెద్దపులుల అడవి. 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యంలోనిదే ఈ దారి. యాత్ర ముగిశాక బాట పక్కన మిగిలే ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల సంచులు, పాచిపోయిన అన్నం ఎవరి పుణ్యం ఖాతాలోకి వస్తాయి? ఉప్పు రుచికి జింకలు, దుప్పులు ప్లాస్టిక్‌ను నమిలితే అది కడుపులో ఇరుక్కుంటుంది. కోతులు చేతి తిండికి మరిగి మనుషుల మీద పడతాయి. ఉగాది నాటికి ఆకు రాలి అడవి ఎండి ఉంటుంది. ఆర్పకుండా వదిలిన పొయ్యి ఒక్కటి చాలు, గాలి తోడైతే కొండంతా అంటుకుంటుంది.

అన్నం పెట్టే వారిని ఆపమని ఎవరూ అనడం లేదు. పెట్టే తీరు మారాలి. మోదుగాకు, అడ్డాకు విస్తళ్లు మన అడవి పక్క ఊళ్లలోనే దొరుకుతాయి. అవి కొంటే చెంచులకు, పేద ఆడవాళ్లకు నాలుగు రూపాయలు వస్తాయి. నీళ్లకు సీసాలు పంచే బదులు డ్రమ్ము పెట్టి, యాత్రికుని చెంబు నింపితే చాలు. వంట అడవి బయటే ముగించి, లోపలికి రొట్టెలు, బొరుగులు, బెల్లం, అరటిపండ్లు వంటి ఆరుతిండి పంపవచ్చు. బండి పోలేని లోయకు కావళ్ల మీద మోయించే పని చెంచు యువకులకు కూలి ఇచ్చి అప్పగిస్తే, దారి కాచిన వారికి పాత గౌరవం తిరిగి దక్కుతుంది. ఏ బండి ఎక్కడ ఆగాలో దేవస్థానం, అటవీ శాఖ, పంచాయతీల వారు పండుగకు ముందే దాతలతో కూర్చుని తేల్చుకుంటే ఒకచోట పారబోత, ఇంకొకచోట పస్తు తప్పుతాయి.

నడిచే వారికి కూడా ఒక మనవి. ఎంత తినగలరో అంతే పెట్టించుకోండి. పావుసేరు బొరుగులు, ఇంత బెల్లం, ఒక చెంబు వెంట ఉంచుకోండి. భీముని కొలను మెట్ల మీద పక్కవాడు కూలబడితే, ఆ బెల్లం ముక్క తీసి అతని చేతిలో పెట్టండి. అదీ దాసోహమే.