రికార్డు అరిగిందా... చెవి మందగించిందా?

హిమాయత్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల్లోని పాత ఇళ్లల్లో అటకలు వెతికితే ఘంటసాల భగవద్గీత ఎల్పీ రికార్డు కనిపించొచ్చు. మీ ఇంట్లో తాతగారు దాన్ని దుమ్ము దులిపి మళ్లీ పెడుతున్నారా? వద్దనకండి. ఎల్పీ ఒక్కో వైపు సుమారు 20 నిమిషాలే వస్తుంది. అయిపోగానే లేచి తిప్పి పెట్టాలి. గంటల తరబడి కూర్చుండిపోయేవారికి ఇదీ మేలే. పైగా ఇయర్‌ఫోన్లలో ఎవరికి వారు వినే పాట కాదిది, ఇంటిల్లిపాదీ కలిసి వినేది.

అయితే ఆయన ‘గొంతు వినిపిస్తోంది గానీ తాత్పర్యం తెలియట్లేదు, రికార్డు అరిగిపోయింది’ అంటుంటే కాస్త ఆలోచించండి. సూది రాపిడికి రికార్డు గాడులు అరిగితే ముందుగా దెబ్బతినేవి హెచ్చుస్థాయి సన్నని ధ్వనులు. వయసుతో వచ్చే వినికిడి లోపంలోనూ ముందు తగ్గేవి అవే. స, ష, త వంటి అక్షరాలు చెవికి అందవు. మాట ముద్దగా వినిపిస్తుంది. అందుకే లోపం చెవిదైనా నింద రికార్డు మీద పడుతుంది.

తేల్చుకోవటం తేలికే. అదే రికార్డును మనవరాలికి వినిపించండి. ఆమెకు మాటలు స్పష్టంగా తెలుస్తుంటే తాతగారిని ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. కొన్నిసార్లు గులిమి అడ్డుపడటమే కారణం కావొచ్చు. లేకపోతే ఆడియోమెట్రీ పరీక్షతో లోపం ఎంతో తెలుస్తుంది. అవసరమైతే వినికిడి యంత్రం వాడుకోవచ్చు. నిర్లక్ష్యం చేస్తే పెద్దలు నలుగురిలో మాట్లాడటం మానేస్తారు. మతిమరుపు ముప్పూ పెరుగుతుంది.

ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే మాత్రం అత్యవసరమే. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.