గంధమూషికకు అభయం

నిర్మల్ అనగానే పొణికి కర్రతో చెక్కిన బొమ్మలు మనస్సుకు స్ఫురిస్తాయి. ఆ బొమ్మల కొలువులో పక్షులకు, మృగాలకు లోటు లేదు. అయినా చుంచెలుక బొమ్మను కోరి కొనేవారు ఉండకపోవచ్చు. పెరట్లో సజీవంగా తిరిగే చుంచెలుకకు లభించే ఆదరణ కూడా అంతంతమాత్రమే. దాని వాసన సోకగానే చీపురు, కర్ర చేతికి వస్తాయి.

ఆంగ్లంలో 'మోల్' అని పిలిచే ప్రాణికి కొందరు చుంచెలుక అనే అర్థం చెబుతారు. ఇది సరికాదు. నేలలో సొరంగాలు తవ్వుతూ జీవించే ఆ జీవి మన దేశంలో హిమాలయ పాదప్రాంతాలలోను, ఈశాన్య రాష్ట్రాలలోను మాత్రమే కనిపిస్తుంది. గోదావరీ తీరాన దాని జాడ లేదు. అయితే ఈ పొరపాటులోనూ కొంత సత్యం దాగి ఉంది. జంతుశాస్త్రం ఈ రెండింటినీ ఒకే క్రమంలో చేర్చింది. పేరులో ఎలుక ఉన్నా చుంచెలుక ఎలుక జాతికి చెందినది కాదు. సంస్కృతంలో దీనిని గంధమూషిక అన్నారు. పార్శ్వాలలోని గ్రంథులు స్రవించే ద్రవమే ఆ ఘాటైన వాసనకు కారణం. బొద్దింకలు, పురుగులు, వానపాములు దీని ముఖ్యాహారం. ధాన్యం దొంగిలించే ఎలుకలపై పెట్టిన విషానికి పురుగులను తిని బతికే ఈ ప్రాణి కూడా బలి కావడం విచారకరం.

వాసన కారణంగా పిల్లి చుంచెలుకను చంపినా సాధారణంగా తినదు. కొన్నిసార్లు కొనప్రాణంతో వదలి వెళుతుంది. అటువంటి ప్రాణికి సాయపడదలచినవారు మొదట గ్రహించవలసినది దాని ఆకలిని గూర్చి. చిన్న దేహం, వేగంగా కొట్టుకునే గుండె, క్షణక్షణం ఖర్చయ్యే శక్తి దాని లక్షణాలు. కొన్ని గంటల ఉపవాసమే దానికి ప్రాణాంతకం కావచ్చు. "రేపు ఉదయం చూద్దాం" అనే మాట మనుష్యులకు చెల్లుతుంది గాని చుంచెలుకకు చెల్లదు.

వట్టి చేతులతో దానిని తాకరాదు. భయపడిన ప్రాణి కరుస్తుంది. ఎలుకజ్వరం వంటి వ్యాధులు సోకే ప్రమాదమూ ఉంది. మందమైన గుడ్డతో కప్పి, గాలి రంధ్రాలు గల అట్టపెట్టెలోకి చేర్చాలి. లోపల మెత్తని గుడ్డ పరచి, పెట్టెను చీకటిగా, నిశ్శబ్దంగా ఉండేచోట ఉంచాలి. గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి ఒక పక్కన పెడితే దేహం చల్లబడదు. నోటిలో నీరు పోయడం దయ అనిపిస్తుంది గాని, ఆ నీరు ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణమే పోతుంది. స్పృహతో కదలాడే ప్రాణికి లోతులేని మూతలో నీరు, పక్కన పురుగులో, ఉడికిన గుడ్డు ముక్కలో ఉంచితే చాలు. పిల్లి పంటిగాటు పైకి సూదిమొనంతే కనిపించినా, పిల్లి నోటిలోని సూక్ష్మజీవులు లోపల చీము పట్టిస్తాయి. కాబట్టి పశువైద్యునికి చూపక తప్పదు. విషం తిన్న ప్రాణికి ఇంటి వైద్యం లేదు. కరిపించుకున్నవారు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి వైద్యుని దర్శించాలి.

పిల్లల విషయం మరింత సున్నితమైనది. తల్లి చుంచెలుక చోటు మారేటప్పుడు మొదటి పిల్ల తల్లి తోక మొదలును, రెండవది మొదటిదాని తోక మొదలును పట్టుకొని వరుసగా సాగుతాయి. చూచినవారు పామని భ్రమపడి కర్ర ఎత్తిన సందర్భాలు లేకపోలేదు! అలికిడికి ఆ గొలుసు తెగితే ఒక పిల్ల వెనుకబడవచ్చు. దానిని అనాథ అని వెంటనే ఇంట్లోకి తేవడం తల్లినీ బిడ్డనూ విడదీయడమే. పిల్లను దొరికినచోటనే కట్టెలమోపు పక్కన గుడ్డలో ఉంచి, పిల్లులను, కుక్కలను దూరంగా ఉంచి వేచి చూడాలి. మనిషి తాకితే తల్లి స్వీకరించదనే నమ్మకానికి ఆధారం లేదు. తల్లి మరణించినట్లు తెలిసినా, పిల్ల చల్లబడినా వెచ్చగా ఉంచి నిపుణులకు అందజేయాలి. ఆవుపాలు, గేదెపాలు పట్టరాదు. అవి అరగక విరేచనాలు కలిగిస్తాయి. ఉడుత పిల్లల విషయంలోనూ ఇంతే.

కవ్వాల్ పులుల అభయారణ్యం నిర్మల్ జిల్లాలోకి కూడా విస్తరించి ఉంది. అడవి అంచు గ్రామాలలో పెరటికి అలుగు వచ్చినా ఆశ్చర్యం లేదు. చీమలను, చెదలను తినే ఈ జీవి భయపడితే బంతిలా ముడుచుకుంటుంది. పిల్ల తల్లి తోకపై ఎక్కి ప్రయాణిస్తుంది. దాని పొలుసులు మన గోళ్ల వంటి పదార్థమే. అయినా వాటికి లేని ఔషధగుణాలు అంటగట్టి వేటాడుతున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనిని మొదటి షెడ్యూలులో చేర్చింది. 2016లో ప్రపంచ దేశాలు దీని అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించడానికి అంగీకరించాయి. ప్రభుత్వ ఆస్తిగా చట్టం పరిగణించే వన్యప్రాణి ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటలలోగా పోలీసు స్టేషనుకు గాని, అధీకృత అధికారికి గాని తెలియజేయాలి. అలుగు విషయంలో అంత కాలం కూడా ఆగరాదు. బంధనంలో అది బతకడం చాలా అరుదు. అటవీశాఖ సిబ్బంది వచ్చేవరకు కుక్కలను కట్టివేసి, దీపాలు ఆర్పి, గుమిగూడినవారిని దూరంగా ఉంచాలి. ముడుచుకున్న జీవిని విప్పి చూడాలనే ఉబలాటాన్ని అణచుకోవడమే అక్కడివారు చేయగల సాయం.